పడక దాచుకున్న కుర్చీ

ఎకానమీ క్లాసులో ఒక వరసకూ దాని వెనక వరసకూ మధ్య దూరం 31 లేదా 32 అంగుళాలు. ఆరడుగుల మనిషి కాళ్లు చాపి పడుకుంటే పట్టే పొడవు 72 అంగుళాలు. దూరప్రయాణాల విమానానికి సీట్లు చేసేవాళ్ల కష్టమంతా ఈ రెండు అంకెల మధ్యే ఉంది. విమానం వెడల్పు పెరగదు, పొడవు పెరగదు, ఎక్కే జనం తగ్గరు. అయినా కొందరిని పూర్తిగా వెల్లకిలా పడుకోబెట్టాలి. ఆ పడక మళ్లీ కుర్చీ కావాలి. ఆ కుర్చీ ప్రమాదంలో నేల నుంచి ఊడి రాకూడదు, మంటల్లో తొందరగా అంటుకోకూడదు. ఇవన్నీ సాధిస్తూనే బరువు తగ్గించుకోవాలి, ఎందుకంటే మోసుకెళ్లే ప్రతి కిలోకీ దారిపొడుగునా ఇంధనం కాలుతుంది. ఒక్కో షరతు విడిగా చూస్తే మామూలు పనే. అన్నీ ఒకే వస్తువులో, ఒకే చోట కుదరాలన్నప్పుడే పనివాడి తెలివి బయటపడుతుంది.

ఆ తెలివిని చేత్తో తడిమి చూసే వీలు నాకు అనుకోకుండా దొరికింది. డాలస్‌లో ఉన్న అమ్మాయి దగ్గరికి బయల్దేరాను. సముద్రాలు దాటడం అదే మొదలు. శంషాబాద్ నుంచి దోహా దాకా ఎకానమీలోనే కూర్చున్నాను. దోహాలో గేటు దగ్గర బోర్డింగ్ పాస్ పెడితే మిషన్ పచ్చగా వెలగలేదు, ఎర్రగా వెలిగింది. కౌంటర్‌లోని అమ్మాయి తెర చూసి, పాత పాస్ తీసుకుని కొత్తది అచ్చేసి ఇచ్చింది. సీటు నంబరు మారింది, క్లాసు మారింది, డబ్బు అడగలేదు. ఎకానమీలో సీట్ల కన్నా టికెట్లు ఎక్కువ అమ్ముడై, కొన్నవాళ్లందరూ వచ్చేస్తే, పైన ఖాళీ ఉన్నప్పుడు కొందరిని పై క్లాసుకు జరుపుతారు. మామూలుగా తరచూ తిరిగే సభ్యులకూ ఎక్కువ ధర పెట్టి కొన్నవాళ్లకూ మొదటి వంతు. ఒంటరిగా వెళ్లేవాళ్లను జరపడం తేలిక, ఎవరినీ ఎవరి నుంచీ విడదీయనక్కర్లేదు. ఆ రోజు నా వంతు ఎలా వచ్చిందో అడగలేదు గానీ, బాలానగర్ టూల్ రూముల్లో బతుకంతా గడిపిన నాకు అంతకన్నా మంచి బహుమతి ఎవరూ ఇవ్వలేరు. పదిహేను గంటల పైచిలుకు, ఒక గొప్ప ఫిట్టింగు పని మధ్యలో కూర్చోబెట్టారు.

ఆ సీటు పేరు క్యూసూట్. ఖతార్ ఎయిర్‌వేస్ దీన్ని 2017 మార్చిలో బెర్లిన్ పర్యాటక ప్రదర్శనలో లోకానికి చూపించింది. ఆ వేసవిలోనే లండన్ వెళ్లే బోయింగ్ 777లో ప్రయాణికులు ఎక్కారు. రూపకల్పనలో లండన్‌కు చెందిన ప్రీస్ట్‌మన్‌గుడ్ అనే డిజైన్ సంస్థ చెయ్యి ఉంది. తయారీ బీ/ఈ ఏరోస్పేస్‌ది. అది అదే ఏడాది రాక్‌వెల్ కాలిన్స్ చేతికి వెళ్లి, మరుసటి ఏడాది కాలిన్స్ ఏరోస్పేస్ అయింది. ఆ సంస్థ పెద్ద సీట్ల కర్మాగారం ఉత్తర ఐర్లండ్‌లో, మోర్న్ కొండల పక్కన, కిల్‌కీల్ అనే చేపల రేవు ఊళ్లో ఉంది. హైదరాబాద్‌లోనూ కాలిన్స్‌కు ఇంజనీరింగ్ కేంద్రం ఉంది. మన పిల్లలు అక్కడ విమానాల భాగాలకు డ్రాయింగులు గీస్తుంటారు. నేనెక్కిన విమానం ఎయిర్‌బస్ ఏ350-1000. అందులో 46 సూట్లు, 281 ఎకానమీ సీట్లు.

ముందు తలుపు చూశాను. నడవా పక్కన నిలువుగా ఉండే పలక అది, జరిపితే మూసుకుంటుంది. మోటారు లేదు, చేత్తోనే జరపాలి. ఇలాంటి పలక చేయడం తేలికని చూసేవాళ్లకు అనిపిస్తుంది. కానీ కింద రన్నరు మీద జారే పలక పైన పట్టు లేకుండా నిలబడాలంటే, ఊగకుండా ఉండాలంటే, విమానం కుదుపుకి గలగలా శబ్దం చేయకుండా ఉండాలంటే, ఆ రన్నరులో వదిలే సందు చాలా లెక్కగా ఉండాలి. బిగుతు చేస్తే ఆడవాళ్ల చేతికీ ముసలివాళ్ల చేతికీ జరగదు. వదులు చేస్తే రాత్రంతా టకటకలాడుతుంది. నేను రెండు వేళ్లతో తోశాను, జరిగింది. మధ్యలో వదిలాను, అక్కడే ఆగింది. మూశాక పలక అంచుకూ గోడకూ మధ్య సందును పై నుంచి కింద దాకా గోటితో తడిమాను. ఎక్కడా వెడల్పు మారలేదు. కొత్త విమానంలో అంత మాత్రం ఉండొచ్చు. కానీ ఈ తలుపును రోజుకి ఎన్ని చేతులు తోస్తాయో, ఎన్ని ట్రాలీలు తగులుతాయో ఆలోచిస్తే, వాడకంలోనూ ఆ సందు అలా నిలిచిందంటే రన్నరు పెట్టిన చోటు, లోపల దన్ను ఇచ్చిన చోటు సరిగ్గా ఎంచుకున్నారన్నమాట.

గోడలు చూడటానికి బరువుగా ఉంటాయి. వేలి కణుపుతో తడితే బోలు శబ్దం వస్తుంది. లోపల ఉండేది తేనెపట్టు గదుల నోమెక్స్ కాగితం, దానికి రెండు వైపులా ఫినాలిక్ రెజిన్‌లో ముంచిన గాజు నార. పైన ముదురు మెరూన్, బూడిద రంగులు, అంచుల వెంట గులాబీ ఛాయ బంగారు పూత, కొన్ని చోట్ల చేత్తో కుట్టిన ఇటాలియన్ తోలు. కంపెనీలు ప్రకటనల్లో గొప్పగా చెప్పేది ఈ తోలూ పూతా గురించే. కుట్టు శుభ్రంగా ఉంది, కాదనను. కానీ నాకు ఆ తోలు కింది కాగితం గొప్ప. చేత్తో నలిపితే నలిగే సరుకును ఆరు మూలల గదులుగా మలిచి, రెండు పలుచని చర్మాల మధ్య ఇరికించి, మనిషి ఒళ్లంతా ఆనుకున్నా వంగని గోడ చేశారు.

అసలు పనితనం మాత్రం కొలతల్లో ఉంది. క్యాబిన్‌లో కిటికీ పక్కన ఒక సూట్ వెనక్కి తిరిగి ఉంటుంది, దాని తర్వాతది ముందుకు తిరిగి, నడవా వైపు జరిగి ఉంటుంది. నాది కిటికీ పక్కది, తోకవైపు చూసేది. నా ఎదురుగా ఉన్న సూట్‌లో మనిషి ముక్కువైపు చూస్తున్నాడు. మా ఇద్దరి మధ్య గోడ ఉంది కాబట్టి ఒకరికొకరు కనబడం. ఆ గోడ కింద ఏం జరుగుతోందో చూడాలి. పడుకున్నప్పుడు నా పాదాలు అతని కిటికీ వైపు పక్కబల్ల కింద ఉన్న గూటిలోకి వెళ్తాయి. అతని పాదాలు నా నడవా వైపు పక్కబల్ల కింది గూటిలోకి వస్తాయి. నేను గ్లాసు పెట్టుకున్న బల్ల కింద అతని కాళ్లున్నాయి. పెళ్లింట్లో చోటు చాలక పిల్లలు ఒకే పరుపు మీద ఒకడి తల పక్కన ఇంకొకడి కాళ్లు వచ్చేలా పడుకోరూ, అదే ఉపాయం. మనిషి భుజాల దగ్గర వెడల్పు, పాదాల దగ్గర సన్నం. భుజం పక్కన మిగిలిన చోటులో ఇంకొకరి పాదం పడుతుంది. ఇద్దరూ ఒకే దిక్కుకు తిరిగి ఉంటే వెడల్పుకు వెడల్పే ఎదురవుతుంది, సన్నానికి సన్నమే. ఎదురెదురుగా తిప్పితే ఒకరి వెడల్పు ఇంకొకరి సన్నంలో ఇమిడిపోతుంది. అలా దాదాపు 79 అంగుళాల పడక దొరికింది.

ఈ ఉపాయం ఒక్కసారిగా పుట్టలేదు. 1990ల మధ్యలో బ్రిటిష్ ఎయిర్‌వేస్ ఫస్ట్ క్లాసులో పూర్తిగా బల్లపరుపుగా వాలే పడక పెట్టింది. ఫస్ట్‌లో చోటు ధారాళం, కాబట్టి అక్కడ అది కుదిరింది. బిజినెస్ క్లాసులో అలా చోటు పారబోస్తే లెక్క తప్పుతుంది. 2000లో అదే ఎయిర్‌లైన్ కోసం టాంజరీన్ అనే లండన్ డిజైన్ సంస్థ పక్కపక్క సీట్లను ఒకటి ముందుకీ ఒకటి వెనక్కీ తిప్పింది. బిజినెస్ క్లాసులో మనిషి సమంగా పడుకోవడం అక్కడ మొదలైంది. తర్వాత వర్జిన్ అట్లాంటిక్ సీట్లను నడవాకు ఏటవాలుగా పేర్చి, వీపు పలకను తిరగేసి పరుపు చేసింది. అలాంటి సీటు ఆకృతి ఎవరి సొత్తన్న వ్యాజ్యం బ్రిటన్ సుప్రీంకోర్టు దాకా వెళ్లి 2013లో తీర్పు వచ్చింది. ఒక కుర్చీ మీద అంత పోరాటమా అనుకునేవాళ్లు ఆ ఆకృతి కనిపెట్టడంలో ఉన్న కష్టాన్ని తక్కువ అంచనా వేస్తున్నట్టే. నా అభిప్రాయంలో క్యూసూట్ కొత్తగా చేసింది తిప్పడం కాదు, అది అప్పటికే ఉంది. తిప్పిన సీట్లను గదులుగా మార్చి, నడిమి వరసలో గోడలు జరిపే వీలు పెట్టింది. మధ్యలో పక్కపక్కనే ఉన్న రెండు సీట్ల నడుమ పలక కిందికి దించితే జంట పడక అవుతుంది. వాటి ఎదురుగా ఉన్న రెండు సీట్ల వైపు తెరలున్న పలకలు కూడా జరిపితే నలుగురు ఎదురెదురుగా కూర్చుని అన్నం తినే గది అవుతుంది. ఒక వస్తువుకు రెండో ఉపయోగం ఇవ్వడం సులువు. మూడోది ఇచ్చాక కూడా మొదటిది చెడకుండా చూడటం కష్టం.

వెనక్కి తిరిగి కూర్చోవడం గురించి ఎక్కేముందు నాకు బెరుకు ఉండింది. రన్‌వే మీద వేగం అందుకున్నప్పుడు ఒళ్లు బెల్టువైపు తూలింది. ముక్కు పైకి లేచాక ముందుకు జారుతున్నట్టే ఉంటుంది, పొట్ట మీద బెల్టు బిగుస్తుంది. కొన్ని నిమిషాలే. తర్వాత ఏ వైపు వెళ్తున్నామో ఒంటికి తెలియదు. నిజానికి ఢీకొన్నప్పుడు వెనక్కి తిరిగిన మనిషికి మేలు ఎక్కువ. బెల్టు పట్టీ మీద పడాల్సిన తాకిడి వీపంతా పరుచుకుంటుంది. బ్రిటన్ వాయుసేన తన వీసీ10 రవాణా విమానాల్లో సీట్లన్నీ అందుకే వెనక్కి తిప్పి పెట్టింది. కాకపోతే తయారీదారుకు అది కొత్త భారం. ముందుకు తిరిగిన సీటులో తాకిడిని బెల్టు మోస్తుంది, వెనక్కి తిరిగిన సీటులో వీపు పలక మోయాలి. ఎత్తులో పడే ఆ బరువు సీటును మొదలంటా పెకలించాలని చూస్తుంది. దానికి తట్టుకునేలా కింది చట్రం గట్టిగా ఉండాలి.

భోజనం అయ్యాక పడక చేశాను. మీట నొక్కి పట్టుకుంటే మోటార్లు మెల్లగా కదిలాయి. నేను వాటి చప్పుడు కన్నా క్రమం మీద దృష్టి పెట్టాను. కూర్చునే పీట ముందుకు జారుతూ కొంచెం కిందికి దిగింది. దాని వెంటే వీపు పలక వాలింది. రెండూ ఒకేసారి కదులుతాయి గానీ ఒకే వేగంతో కాదు. వీపు ముందే వాలిపోతే తల వెనక గోడకు కొట్టుకుంటుంది, పీట ముందే జారిపోతే నడుము కింద ఖాళీ ఏర్పడుతుంది. మనిషి ఒళ్లు మడత విప్పుకునే తీరును గమనించి ఆ కదలికను గీశారు. కాళ్ల గూటిలో స్థిరంగా ఉన్న మెత్త మట్టానికి పీట అంచు వచ్చి ఆగింది. ఆ రెండూ కలిసే అతుకు మీద అరచెయ్యి పెట్టి అటూ ఇటూ రాశాను. ఎత్తుపల్లం చేతికి తగల్లేదు. మూడు నాలుగు కదిలే ముక్కలు, వాటి కింద పట్టాలు, ఆ కింద మళ్లీ లింకులు, ప్రతిదానికీ తయారీలో తేడా ఉంటుంది. ఆ తేడాలన్నీ ఒకదాని మీద ఒకటి పేరుకుంటే చివర్లో అంగుళంలో పావు వంతు మెట్టు రావాలి. రాలేదంటే ప్రతి ముక్కనూ ఎంత బిగువులో చేయించారో అర్థమవుతుంది. టూల్ రూములో పనిచేసినవాడికి ఒక అతుకు సమంగా ఉందంటే దాని వెనక ఎంతమంది ఉన్నారో లెక్క తెలుస్తుంది. కరెంటు పోయినా, మోటారు మొరాయించినా సిబ్బంది చేత్తో సీటును నిలువుగా లేపే ఏర్పాటు ఉంటుంది. పడకగా ఇరుక్కుపోయిన సీటుతో విమానం దిగడానికి వీల్లేదు.

ఇక కంటికి కనబడని పని. విమానం నేలలో పొడవునా పట్టాలుంటాయి, వాటి మీద అంగుళానికి ఒకటి చొప్పున రంధ్రాలు. సీటు కాళ్లకున్న బుడిపెలు వాటిలో దిగి తాళం పడతాయి. సీట్ల దూరాన్ని చెప్పుకునేదీ అంగుళాల్లోనే. ఈ పట్టాల మీద సీటు నిలబడాల్సిన పరీక్షను అమెరికా విమానయాన శాఖ 1988లో రాసింది. 2009 అక్టోబరు తర్వాత తయారై ప్రయాణికులను మోసే పెద్ద విమానాలకు అది తప్పనిసరి అయింది.

ఆ పరీక్ష గురించి చదివినప్పుడల్లా నాకు గౌరవం పెరుగుతుంది. 77 కిలోల బొమ్మను సీట్లో కూర్చోబెట్టి బెల్టు కట్టి, సీటును ఒక బండికి బిగిస్తారు. గంటకు దాదాపు 48 కిలోమీటర్ల వేగంలో వచ్చే తేడాను ఆ బండి మీద కల్పిస్తారు. తాకిడి భూమ్యాకర్షణకు 16 రెట్లకు చేరాలి, అదీ సెకనులో పదో వంతు కన్నా తక్కువ సమయంలో. అంటే ఆ బొమ్మ ఆ క్షణంలో 1,200 కిలోల పైచిలుకు బరువుతో ముందుకు తోస్తుంది. ఇందులో నాకు బాగా నచ్చిన షరతు ఒకటుంది. పరీక్షకు ముందే నేల పట్టాల్లో ఒకదాన్ని పది డిగ్రీలు నిలువుగా వంచి, రెండోదాన్ని పది డిగ్రీలు పక్కకు తిప్పి పెడతారు. ప్రమాదంలో నేల వంకర పోతుంది కదా, వంకర పోయిన నేల మీద కూడా సీటు నిలవాలి. సీటు వంగవచ్చు, నలగవచ్చు, కానీ ఊడి రాకూడదు. వంగుతూనే దెబ్బను తాగాలి. రెండో పరీక్షలో సీటును ఏటవాలుగా పెట్టి 14 రెట్ల తాకిడితో కిందికి దించుతారు, అది నడుము కోసం. వెన్ను మీద పడే బరువు 680 కిలోలు మించకూడదు. తలకు తగిలే దెబ్బకూ తొడ ఎముక మీద పడే బరువుకూ వేరే హద్దులున్నాయి. చుట్టూ గోడలూ, ఎదుట తెరా, పక్కన బల్లా ఉన్న సూట్‌లో తల ఏ వైపు ఊగినా ఏదో ఒకటి తగులుతుంది. అందుకే ఇలాంటి చాలా సీట్లలో బెల్టులోనే గాలిసంచి పెడుతున్నారు. నేను మురిసిపోయిన ఆ ఎత్తుపల్లం లేని అతుకు, ఆ జారే తలుపు, ఆ బల్ల, అన్నీ ఈ పరీక్షలో పగిలి మొనలు తేలకుండా ఉండాలని లెక్కగట్టి చేసినవే.

మంట సంగతి ఇంకా బాధాకరమైన చరిత్ర నుంచి వచ్చింది. 1983 జూన్ 2న డాలస్ నుంచి టొరంటో బయల్దేరిన ఎయిర్ కెనడా డీసీ-9లో వెనక మరుగుదొడ్డి దగ్గర మంట పుట్టింది. పైలట్లు పొగ నిండిన విమానాన్ని సిన్సినాటిలో దించగలిగారు. తలుపులు తెరిచాక లోపలికి గాలి వెళ్లి, కాసేపటికే క్యాబిన్ భగ్గుమంది. విమానంలో ఉన్న 46 మందిలో 23 మంది చనిపోయారు. సీట్ల మెత్తల్లోని ఫోమ్ ఎంత వేగంగా మంటను పెంచుతుందో అప్పటికే పరిశోధకులు కొలుస్తున్నారు. 1984లో నియమం వచ్చింది, 1987 నవంబరు నాటికి అమెరికా విమానాల్లో మెత్తలన్నీ మార్చాలన్నారు. అప్పటి నుంచి మెత్తలు మంట పరీక్ష నెగ్గడం తప్పనిసరి, అందుకోసం చాలా మెత్తల్లో ఫోమ్‌కూ పై గుడ్డకూ మధ్య మంటను అడ్డుకునే పొర పెడతారు. పరీక్షలో వెయ్యి డిగ్రీల దరిదాపు వేడి ఉన్న మంటను రెండు నిమిషాలు నేరుగా మెత్త మీదికి వదులుతారు. ఆరిపోయాక తూస్తే పది శాతం కన్నా ఎక్కువ బరువు తగ్గి ఉండకూడదు. ఆ రెండు నిమిషాలూ మనుషులు బయటికి దూకడానికి. నేను అదే డాలస్‌కు వెళ్తూ పడుకున్న మెత్తలో ఆ పొర ఎక్కడుందో వెతికాను. పై కుట్టు దాటి వేలికి అందదు. అందకూడదు కూడా.

రాత్రి కాళ్లు సాగదీయడానికి లేచినప్పుడు నడవా పక్క సూట్‌లో ఒక పెద్దావిడ తలుపు అంచు పట్టుకుని నిలబడింది. కొడుకు కొనిపెట్టిన టికెట్టట. నన్ను చూడగానే తెలుగువాణ్ణని ఎలా పోల్చుకుందో, "తమ్మీ, గీ తలుపు ఏస్కుంటే మల్ల తెర్సుకుంటదా? ఆ పిల్ల జెప్పిపోయింది గని నాకు సమజ్ గాలే" అంది.

"తెర్సుకుంటది అక్కా. దీనికి తాళమే లేదు. ఇగో, గిట్ల జరిపితే అయిపాయె."

ఆవిడ తనే రెండుసార్లు జరిపి చూసుకుంది. "తాళం లేకుంటే మంచిదే" అని తలుపు మూసుకుని పడుకుంది.

ఆవిడ అడిగిన ప్రశ్నే విమానయాన శాఖలూ అడిగాయి. ప్రయాణికుడి సీటుకూ అత్యవసర ద్వారానికీ మధ్య తలుపు ఉండకూడదని అమెరికా నియమం స్పష్టంగా చెబుతుంది. విమానంలో సగం ద్వారాలే పనిచేసినా 90 సెకన్లలో అందరూ బయటపడగలగాలన్నది ఇంకో నియమం. అందుకే తలుపున్న సూట్లకు ప్రత్యేక మినహాయింపు తీసుకోవాలి, దానికి షరతులుంటాయి. టేకాఫ్‌కూ ల్యాండింగ్‌కూ తలుపు తెరిచి బిగించి ఉండాలి. ఇరుక్కుంటే లోపలి మనిషి వేరే ఉపాయంతో బయటపడగలగాలి. లోపల ఎవరున్నారో సిబ్బంది చూడగలగాలి. తలుపు పైకప్పు దాకా ఎందుకు లేదో, భుజం ఎత్తులో ఎందుకు ఆగిపోయిందో అప్పుడు అర్థమైంది. ఏకాంతం కోరేవాళ్లకు అది లోటుగా తోచవచ్చు. నాకు మాత్రం సరిగ్గా ఆగాల్సిన చోట ఆగినట్టుంది.

లోపాలు లేవని కాదు. కాళ్ల గూడు పాదాల దగ్గర ఇరుకే. పక్కకు తిరిగి మోకాళ్లు ముడుచుకుని పడుకునే అలవాటున్నవాళ్లు గోడకు మోకాలు తగిలి మేలుకుంటారు. మెరిసే పూత మీద వేలిముద్రలు నిలుస్తాయి, మూలల్లో ఆ పూత త్వరగా అరుగుతుంది. పని చేసే చోట మెరుగు వద్దని నేను ఎప్పుడూ అంటాను. కిటికీ వైపు మెత్తటి మూత కింద సామాను పెట్టె మంచి ఆలోచన, కానీ చెయ్యి పెట్టి వెతుక్కునేటప్పుడు లోపల వెలుతురు ఉండదు. ఖతార్ ఎయిర్‌వేస్ 2024 జులైలో ఫార్న్‌బరో విమాన ప్రదర్శనలో దీని తర్వాతి తరం నమూనా చూపింది. కాళ్ల గూడు ఎంత పెరిగిందో చూడాలని నాకు ఉంది.

తెల్లవారుజామున, క్యాబిన్ దీపాలు ఇంకా ముదురు రంగులో ఉండగా, ఎకానమీలోకి నడిచి వెళ్లాను. నేను కూర్చోవాల్సిన వైపే అది. జనం ముడుచుకుని నిద్రపోతున్నారు. ఖాళీ సీటు ఒకటి కనబడితే వంగి దాని కాళ్లు చూశాను. రెండు అడ్డ గొట్టాలు, వాటిని మోసే కాళ్లు, కింద సామాను జారకుండా ఒక కడ్డీ, అంతే. సూట్‌కు పెట్టిన అదే 16 రెట్ల పరీక్షలో, అదే వంకర పట్టాల మీద, ఈ సీటూ నెగ్గాలి. సూట్ తన బరువు మనిషి బరువును మించినా చెల్లించుకోగలదు. ఎకానమీ సీటు మనిషికి పది కిలోల దరిదాపులోనే పని ముగించాలి. దాచుకోవడానికి గోడ లేదు, పరుచుకోవడానికి చోటు లేదు. ఏ కాలు ఎక్కడ వంగాలో, వీపు పలక వెనక నుంచి తల తగిలితే ఎంత బరువుకు ముందుకు వాలాలో, అంతా ఆ సన్నటి అల్యూమినియంలోనే తేల్చారు. నాజూకుతనం కోసం నేను సూట్‌ను ఎన్నుకుంటాను. కానీ ఒక్కో గ్రాము చేత ఎంత పని చేయించారన్న లెక్కలో, ఆ రాత్రి విమానంలో ఉన్న సీట్లన్నిటిలో ఎక్కువ మార్కులు నేనిచ్చేది వెనకున్న ఆ 281 సీట్లకే. అప్‌గ్రేడ్ దొరకకపోయి ఉంటే వాటిలో ఒకదాని మీద పదిహేను గంటలు కూర్చుని కూడా వంగి చూసేవాణ్ణి కాదేమో. సూట్‌లో పడుకుని అతుకులు తడిమిన చెయ్యే నన్ను ఆ సీటు కాళ్ల దగ్గరికి తీసుకెళ్లింది.

కాలి పక్కన చట్రానికి చిన్న రేకు బిళ్ల అతికించి ఉంది. టార్చి వేసి చదివాను. భాగం నంబరు, తయారీ తేదీ, బరువు, ఏ ప్రమాణానికి ఆమోదం పొందిందో ఆ సంకేతం. అది చదువుతుండగా పక్క సీట్లో నిద్రపోతున్న కుర్రాడు కాలు కదిపి, ఏమైనా పోగొట్టుకున్నారా అని ఇంగ్లీషులో అడిగాడు. లేదన్నాను, మీ సీటు చూస్తున్నానన్నాను. అతను కొంచెం వంగి తనూ చూశాడు. నేను రెండు గొట్టాలూ చూపించి, పరీక్షలో నేలను ముందే ఎందుకు వంచుతారో చెప్పడం మొదలుపెట్టాను.